పొలమా, సముద్రమా? సిప్పీఘాట్ నీళ్లకు కాపలా ఎవరు?

మొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరి నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు వెళ్తే సిప్పీఘాట్ వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు. ఆ నీళ్లలో అక్కడక్కడా మోడువారిన చెట్లు, వాటి కొమ్మల మీద కొంగలు. కొత్తగా వచ్చిన పర్యాటకులు అనాదిగా ఉన్న మడుగే అనుకుని ఫోటోలు తీసుకుంటారు.

కానీ 2004 డిసెంబరు 25 సాయంత్రం వరకూ ఇక్కడ చాలా భాగం వరి పొలాలే. మర్నాడు ఉదయం ఆరున్నర ప్రాంతంలో మొదలైన భూకంపం కొద్ది నిమిషాల్లోనే దక్షిణ అండమాన్ నేలను దాదాపు ఒక మీటరు కిందికి దించింది. తర్వాత సునామీ వచ్చింది, పోయింది. నీళ్లు మాత్రం పూర్తిగా పోలేదు. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు పోటుతో వస్తున్నాయి, పాటుతో తగ్గుతున్నాయి. ఓగ్రాబ్రాజ్, చౌల్దారి, మంజేరి వంటి గ్రామాల పల్లపు భూముల్లోనూ ఇదే కథ.

ఇంతకీ ఈ నేల ఇప్పుడు ఏమిటి? రైతును అడిగితే తన పొలం అంటాడు. పక్షుల్ని లెక్కించేవారు చిత్తడి నేల అంటారు. సముద్రానికి ఈ సందేహమే లేదు, పోటు సమయానికి వచ్చేస్తుంది. చిత్తడి నేలల పరిరక్షణ అంటే సాధారణంగా మనకు తట్టేది, ఎప్పటి నుంచో ఉన్న చెరువునో సరస్సునో ఆక్రమణల నుంచి కాపాడటం. అండమాన్‌లో సమస్య వేరు. అక్కడ చిత్తడి నేల ఒక్క రోజులో పుట్టింది. అది కూడా సర్వే నంబర్లున్న సాగుభూమి మీద.

నేల ఎందుకు దిగింది

ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచు మీద పెట్టి, బయటికి పొడుచుకు వచ్చిన కొనను వేలితో కిందికి నొక్కి పట్టండి. కొన వంగుతుంది, దాని వెనక భాగం కొంచెం ఉబ్బుతుంది. వేలు తీసేస్తే కొన పైకి ఎగురుతుంది, ఉబ్బిన భాగం కిందికి దిగుతుంది. అండమాన్ దీవుల కింద జరిగింది స్థూలంగా ఇదే. భారత ఫలకం ఏటవాలుగా బర్మా ఫలకం కిందికి దూరుతూ, దాని పడమటి అంచును తనతో పాటు కిందికి లాగుతూ ఉంటుంది. వందల ఏళ్ల పాటు ఆ అంచు అలా వంగి ఉంటుంది. పట్టు తప్పిన రోజున పెద్ద భూకంపం వస్తుంది. 2004లో పట్టు తప్పిన పొడవు దాదాపు 1,300 కిలోమీటర్లు, భూకంప తీవ్రత 9.1.

దీవులన్నీ ఆ అంచుకు ఒకే దూరంలో లేవు. అందువల్ల ఉత్తర అండమాన్, పడమటి తీరంలోని కొన్ని దీవులు పైకి లేచాయి. దక్షిణ అండమాన్ దిగింది. నికోబార్ ఇంకా లోతుకు పోయింది. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి దీపస్తంభం పాదం నీళ్లలో ఉన్న ఫోటోలు చాలామంది చూసే ఉంటారు.

ఒక్క మీటరుకే ఇంత మార్పా అనిపించవచ్చు. శ్రీ విజయపురం దగ్గర పెద్ద పోటు రోజుల్లో సముద్రమట్టం పాటు నుంచి పోటుకు పెరిగేది దాదాపు రెండు మీటర్లు. మడ చెట్లు ఈ రెండు మీటర్ల నిచ్చెనలో పైసగంలోనే, అంటే సగటు సముద్రమట్టానికి, పోటు మట్టానికి మధ్యలోనే బతుకుతాయి. వాటి వేర్లకు రోజులో కొంతసేపు ఉప్పునీళ్లు కావాలి, కొంతసేపు గాలి కావాలి. నేల మీటరు దిగితే మడ అడవి ఎప్పుడూ మునిగే ఉంటుంది, వేర్లకు ఊపిరాడదు. నేల మీటరు లేస్తే పోటు నీరే అందదు. దక్షిణాన మడలు మునిగి చచ్చాయి, ఉత్తరాన ఎండి చచ్చాయి. ఒకే భూకంపం రెండు చోట్లా రెండు రకాలుగా చంపింది. నికోబార్ దీవుల్లో మడ అడవుల్లో దాదాపు 97 శాతం పోయిందని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టిన పరిశోధకులు తేల్చారు.

దిగిన నేల అలాగే ఉండిపోలేదు కూడా. భూకంపం తర్వాతి సంవత్సరాల్లో జీపీఎస్ కొలతలు పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం మెల్లగా పైకి లేస్తున్నట్టు చూపించాయి. పోగొట్టుకున్న ఎత్తులో ఇది కొంతే. అయినా ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

పొలం కంటే ముందు అక్కడ ఏముంది

సునామీ పొలాలను మడుగులు చేసిందన్నది నిజమే. అయితే ఆ పొలాల్లో చాలావాటికి అంతకు ముందు ఇంకో చరిత్ర ఉంది. అండమాన్‌లో కొండలు ఎక్కువ, చదును భూమి తక్కువ. భూభాగంలో అధిక శాతం అటవీ శాఖ అధీనంలోనే ఉంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు 1949 నుంచి భూములిచ్చి స్థిరపరిచినప్పుడు వరికి పనికొచ్చేవి లోయల అడుగు భాగాలే. అవి క్రీకుల పక్కన, మడ అడవులను ఆనుకుని ఉండేవి. కరకట్ట వేసి పోటును ఆపి, తూము పెట్టి వాన నీటిని బయటికి వదిలి, ఆ నేలను పొలం చేశారు. కట్టను అప్పటి పోటు మట్టాన్ని చూసి కట్టారు. నేల కట్టతో సహా మీటరు దిగేసరికి ఆ లెక్క తప్పింది.

అలాంటప్పుడు కట్టలు ఎత్తు చేసి, తూములు బాగుచేసి, ఉప్పు కడిగేసి మళ్లీ వరి వేయొచ్చు కదా? కొన్నిచోట్ల ఆ ప్రయత్నం జరిగింది. శ్రీ విజయపురంలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పొలంలోనే వెడల్పాటి ఎత్తు మడులు, వాటి మధ్య లోతు కాలువలు తవ్వే పద్ధతిని ప్రోత్సహించారు. మడుల మీది ఉప్పును వాన కడిగేస్తుంది, అక్కడ కూరగాయలు పండించవచ్చు. కాలువల్లో చేపలు పెంచవచ్చు. ఏటా మూడు మీటర్ల వాన పడే దీవుల్లో ఇది తెలివైన పద్ధతే.

కానీ మడ నేల అడుగున ఒక చిక్కు దాగి ఉంటుంది. సముద్రపు నీటిలో సల్ఫేటు ఉంటుంది. గాలి చొరబడని మడ బురదలో బాక్టీరియా దాన్ని సల్ఫైడుగా మారుస్తాయి. అది ఇనుముతో కలిసి పైరైట్ అనే ఖనిజంగా పేరుకుంటుంది. నీటి కింద ఉన్నంత కాలం దానివల్ల ఏ హానీ లేదు. నీళ్లు తోడేసి నేలను ఆరబెడితే మాత్రం గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. మట్టి పీహెచ్ 4 కంటే కిందికి పడిపోవచ్చు. మట్టిలోని అల్యూమినియం కరిగి వేర్లను దెబ్బతీస్తుంది. తొలి వానకు ఆ ఆమ్లం క్రీకులోకి కొట్టుకొస్తే చేపలు చస్తాయి. కేరళలోని కుట్టనాడు రైతులకు ఈ ఆమ్ల నేలలతో తరాల నుంచి పరిచయం. అండమాన్ తీరపు పల్లాల్లోనూ ఇలాంటి నేలలు ఉన్నాయి. కాబట్టి ఏ పల్లాన్ని తిరిగి సాగులోకి తేవాలి, దేన్ని నీటికి వదిలేయాలి అన్నది తూము పెట్టే ముందు మట్టి పరీక్షతో తేల్చుకోవాల్సిన విషయం.

కొత్త నీళ్లలో కొత్త కాపురాలు

వదిలేసిన నీళ్లలోకి పక్షులు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది అండమాన్ టీల్ అనే చిన్న అడవి బాతు. గోధుమ రంగు ఒళ్లు, కంటి చుట్టూ తెల్లని వలయం. ప్రపంచం మొత్తం మీద ఇది అండమాన్‌లోనూ, పక్కనే మయన్మార్‌కు చెందిన కోకో దీవుల్లోనూ తప్ప మరెక్కడా లేదు. 1990ల చివర్లో సాలిం అలీ పక్షి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు చేసిన గణనలో అయిదారు వందలకు మించి లెక్క తేలలేదు. తర్వాతి అంచనాలు కూడా వెయ్యి లోపే. ఇంత తక్కువగా ఉన్న పక్షికి సిప్పీఘాట్, ఓగ్రాబ్రాజ్ లాంటి చోట్లు ఆసరా అయ్యాయి. నీళ్ల మీద తేలుతూ, తల ముంచి తినే రకం బాతు ఇది. దానికి కావలసింది మోకాటి లోతు నీళ్లు. లోతైన చెరువుతో దానికి పని లేదు.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పథకాలు ఇక్కడే దెబ్బతింటాయి. నీటి వనరుల అభివృద్ధి అనగానే మనకు అలవాటైన పని పూడిక తీయడం, లోతు చేయడం, గట్లు నిటారుగా కట్టి రాళ్లు పరచడం. 2022లో మొదలైన అమృత్ సరోవర్ కార్యక్రమం ఊరి చెరువుకు మంచిదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తాగునీటికి కటకటలాడే అండమాన్ పల్లెలకు మంచినీటి చెరువు నిజంగా అవసరం కూడా. కానీ పోటు పాటుల మీద బతికే లోతులేని నీటిని అదే పద్ధతిలో తవ్వితే మిగిలేది ఉప్పునీళ్ల గుంట. ఆ తర్వాత బాతూ ఉండదు, మడ మొలకా నిలవదు.

వచ్చినవి పక్షులు మాత్రమే కాదు. ఉప్పునీటి మొసలికి కూడా ఈ క్రీకులు ఇల్లే. సునామీ తర్వాత నీళ్లు ఇళ్ల దగ్గరికి జరిగాయి, నీళ్లతో పాటు మొసళ్లూ జరిగాయి. కార్బిన్స్ కోవ్, వండూర్ లాంటి బీచ్‌ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టారు. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, చంపడం నేరం. పెరట్లోంచి క్రీకులోకి దిగే మెట్లున్న ఇంట్లో పిల్లలున్న తల్లికి చిత్తడి నేలల ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం నా వల్ల కాదు. ఆమెకు కావలసింది మాంసం దుకాణాల, చేపల మార్కెట్ల వ్యర్థాలు క్రీకులో పడకుండా ఆగడం. ఎందుకంటే మొసళ్లు, వీధి కుక్కలు చేరేది వాటి కోసమే. ఆ పని అటవీ శాఖది కాదు, పంచాయతీది, పురపాలక మండలిది.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

ఇస్రోకు చెందిన అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2011లో విడుదల చేసిన జాతీయ అట్లాసు ప్రకారం అండమాన్ నికోబార్‌లో చిత్తడి నేలలు సుమారు 1,52,800 హెక్టార్లు. దీవుల విస్తీర్ణంతో పోలిస్తే ఇది 18.5 శాతం. అందులో పెద్ద వాటా మడ అడవులది, పగడపు దిబ్బలది. ఇంత ఉన్నా 2024 చివరి నాటికి దేశంలో ఉన్న 85 రామ్‌సార్ స్థలాల్లో ఈ దీవులది ఒక్కటీ లేదు.

దేశంలో ఈ నేలల కోసం ప్రత్యేకంగా ఉన్నవి 2017 సెప్టెంబరు 26న వచ్చిన చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నియమాలు. ప్రతి రాష్ట్రంలో, కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ప్రాధికార సంస్థ ఉండాలి. అది జాబితా తయారుచేసి, ఒక్కో నేలకు సంక్షిప్త పత్రం రాసి, ప్రకటించాల్సినవాటిని సిఫారసు చేయాలి. ముసాయిదా మీద ప్రజలు 60 రోజుల్లో అభ్యంతరాలు చెప్పవచ్చు. ప్రకటించాక ఆక్రమణ, పరిశ్రమ, చెత్త పారబోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం నిషేధం. గత పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలు కూడదు.

వినడానికి బాగుంది. ఇప్పుడు దీన్ని సిప్పీఘాట్ మీద పరిచి చూద్దాం. నియమాల్లోని నిర్వచనం నదీ ప్రవాహాలను, వరి పొలాలను, తాగునీటి కోసం, చేపల పెంపకం కోసం కట్టినవాటిని చిత్తడి నేలల లెక్కలోంచి తీసేసింది. ఇరవై ఏళ్లుగా ఉప్పునీటిలో ఉన్న వరి పొలం వరి పొలమేనా? ఇక రెండో వడపోత: అటవీ చట్టాల కిందికి, వన్యప్రాణి చట్టం కిందికి, తీరప్రాంత నియంత్రణ ప్రకటన కిందికి వచ్చే చిత్తడి నేలలకు ఈ నియమాలు వర్తించవు, వాటికి ఆ చట్టాలే దిక్కు. అండమాన్‌లో తీరం, అడవి తీసేస్తే మిగిలేది ఎంత? మడ అడవికి మాత్రం తీర నిబంధనల్లో గట్టి రక్షణ ఉంది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ ఉంటే దాని చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉంచాలి. మడ ఇంకా మొలవని బురద, మోడు చెట్ల మధ్య నీళ్లు, అటు పొలమూ ఇటు మడా కాని మధ్య నేల, అసలు తగవులన్నీ వీటి దగ్గరే.

తీర నిబంధనలకు కొలబద్ద పోటు రేఖ. రెవెన్యూ రికార్డుకు కొలబద్ద సర్వే రాయి. భూకంపం పోటు రేఖను లోపలికి జరిపింది, రాయి ఉన్నచోటే మునిగింది. రెండింటినీ ఒకే పటం మీద పెట్టి, ఎవరి హక్కు ఎక్కడ మిగిలింది, నీళ్లు ఎక్కడి దాకా వస్తున్నాయి అని గీసే పని ముందు జరగాలి. 2017 నియమాల సంక్షిప్త పత్రంలో ఇప్పటికే ఉన్న హక్కుల వివరం రాయాలన్న షరతు ఉంది. రైతును పక్కన పెట్టకుండా ప్రకటన చేయడానికి దారి అదే.

ఈ చిక్కు మనకూ తెలియనిది కాదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 అడుగుల కాంటూరు గీతను సరిహద్దు చేశారు. గీత లోపల ప్రభుత్వ భూమితో పాటు జిరాయితీ పట్టాలూ ఉన్నాయి. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, 2005-06లో చేపల చెరువుల గట్లు బద్దలుకొట్టారు. పట్టాదారుల ప్రశ్న మాత్రం తర్వాతి ఏళ్లలోనూ వెంటాడుతూనే ఉంది. కొల్లేరులో నీళ్లు ముందు, పట్టాలు తర్వాత. సిప్పీఘాట్‌లో పట్టాలు ముందు, నీళ్లు తర్వాత. కొల్లేరులో గీత గీసి పాతికేళ్లు దాటినా తగవు తెగలేదంటే, ఇక్కడ గీత గీసే ముందే రైతుతో కూర్చోవాలని నా అభిప్రాయం.

తూము పరిమాణం ఎవరు నిర్ణయిస్తారు

అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ పాలన. ప్రజలు ఓటేసి ఎన్నుకునే స్థానిక ప్రభుత్వం అంటే 1994 నిబంధనల కింద ఏర్పడిన గ్రామ పంచాయతీలు, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు, రాజధానిలో పురపాలక మండలి. 2023 మార్చిలో ఆ మండలి అధ్యక్ష పదవి తెలుగుదేశం కౌన్సిలర్ ఎస్. సెల్వికి దక్కినప్పుడు మన పత్రికల్లో కూడా వార్త వచ్చింది. దీవుల జనాభాలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు అని జనగణన చెబుతుంది కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు.

చిత్తడి నేలను ప్రకటించే అధికారం ఈ సంస్థలకు లేదు. అది పైన ఉంది. కానీ రాజ్యాంగం పదకొండో షెడ్యూలు ప్రకారం పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో చిన్ననీటి పారుదల, నీటి నిర్వహణ, చేపల పెంపకం, సామాజిక అడవులు ఉన్నాయి. పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు చెత్త నిర్వహణతో పాటు పర్యావరణ రక్షణ కూడా ఉంది. కాగితం మీద చిన్నగా కనిపించే ఈ పనులు నీళ్లలో ఎంత పెద్దవో ఒక లెక్కతో చూద్దాం.

ఊహకు ఒక క్రీకు తీసుకోండి. దాని మీదుగా మట్టి రోడ్డు వేశారు. రోడ్డు అవతల 100 హెక్టార్ల పల్లం. పోటు ఆ పల్లంలో మీటరు ఎత్తు లేవాలంటే లోపలికి పది లక్షల ఘనపు మీటర్ల నీరు వెళ్లాలి. పాటు నుంచి పోటుకు సమయం దాదాపు ఆరు గంటలే. రోడ్డు కింద మీటరు వ్యాసం ఉన్న సిమెంటు గొట్టాలు రెండు వేశారనుకుందాం. నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పోయినా ఒక్కో గొట్టం ఆరు గంటల్లో పంపగలిగేది పాతిక వేల ఘనపు మీటర్లు. రెండూ కలిసి యాభై వేలు. అంటే బయట పోటు మీటరు లేస్తే లోపల నీళ్లు లేచేది అయిదు సెంటీమీటర్లు! మీటరు లేవాలంటే అలాంటి గొట్టాలు నలభై కావాలి. లేదా గొట్టాలు మానేసి చిన్న వంతెన కట్టాలి.

లోపల పోటు పాటులు చచ్చిపోతే ఏమవుతుంది? నీరు నిలిచిపోయి ఆక్సిజన్ తగ్గుతుంది, దోమలు పెరుగుతాయి. మడ విత్తనాలు నీటి మీద తేలుతూ వచ్చి బురదలో నాటుకునేవి, వాటి దారి మూసుకుపోతుంది. వానాకాలంలో పల్లం మంచినీటితో నిండి బయటికి పోలేదు, రోడ్డు పక్క ఇళ్లలోకి చేరుతుంది. ఎండాకాలంలో మిగిలిన నీరు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది. ఇంతా చేసి అక్కడ ఎవరూ ఆక్రమణ చేయలేదు, చెత్త వేయలేదు, ఏ చట్టమూ మీరలేదు. ఎవరో ఇంజినీరు అంచనాలో రెండు గొట్టాలు రాశాడు, అంతే. పెద్ద రోడ్లు ప్రజాపనుల శాఖవి, ఊరి లోపలి దారులు పంచాయతీవి. అందుకే చిత్తడి నేల భవిష్యత్తు చాలాసార్లు పర్యావరణ సమావేశాల్లో కాక రోడ్డు పని అంచనాల్లో తేలిపోతుంది.

పంచాయతీల చేతిలో మరో సాధనం ఉంది, దాన్ని వాడేవారు తక్కువ. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పాటు చేయాలి. ఊరి జీవరాశుల, వాటి ఆవాసాల వివరాలను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. ఏ నెలలో నీరు ఎక్కడి దాకా వస్తుంది, ఏ గుంటలో ఏ చేప గుడ్లు పెడుతుంది, మొసలి ఎక్కడ కనిపించింది అని వల వేసేవాళ్లకు, పశువులు మేపేవాళ్లకు తెలిసినంతగా ఉపగ్రహానికి తెలియదు. ఇస్రో అట్లాసులో హద్దులతో సహా గీసినవి 2.25 హెక్టార్లకు, అంటే అయిదున్నర ఎకరాలకు మించిన నేలలు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో సరిచూసి హద్దులు తేల్చమన్న 2,31,195 చిత్తడి నేలలు కూడా ఆ పరిమాణం దాటినవే. కొండల మధ్య చిన్న చిన్న లోయలున్న దీవుల్లో అంతకన్నా చిన్నవాటికి ఊరి రిజిస్టరే పటం.

నికోబార్‌లో వేరే పద్ధతి

నికోబార్ దీవులకు వెళ్తే ఈ చట్రమంతా మారిపోతుంది. అక్కడి ఆదివాసీ ప్రాంతాలకు 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ నిబంధన ఉంది, బయటివారు అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు. ఊరికి కెప్టెన్ ఉంటాడు, పైన గిరిజన మండలి. ఈ మండళ్లకు 2009లో చట్టబద్ధత వచ్చింది. గ్రేట్ నికోబార్‌లో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచిన క్యాంప్‌బెల్ బే వైపు మాత్రం పంచాయతీ ఉంది.

గ్రేట్ నికోబార్‌లోని గలాతియా బే తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. ఏటి ముఖద్వారం, మడలు, ఇసుక తిన్నెలు కలిసిన చిత్తడి ప్రాంతం. సునామీ ఆ తీరాన్ని తుడిచిపెట్టింది. తర్వాత ఇసుక మళ్లీ పేరుకుంది, తాబేళ్లు మళ్లీ వచ్చాయి. 1997లో అభయారణ్యమైన ఆ చోటికి 2021 జనవరిలో ఆ హోదా తొలగించారు. అక్కడ భారీ నౌకాశ్రయం ప్రతిపాదన ఉంది. ఆ ప్రాజెక్టుకు గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చింది, నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది. సునామీ ముందు తమ ఊళ్లు ఉన్న భూములు కూడా అందులో ఉన్నాయన్నది వారి అభ్యంతరం. సిప్పీఘాట్ రైతులాగే వీరూ తమ పాత చోటును ఇంకా తమదిగానే లెక్కిస్తున్నారు.

జరుగుతున్న గీత

నేల మెల్లగా లేస్తోందని ముందు చెప్పుకున్నాం. అటు సముద్రమట్టం కూడా పెరుగుతోంది. ఈ రెండింటి తేడా మీద ఆధారపడి సిప్పీఘాట్‌లో పోటు రేఖ ఏటేటా కొంచెం అటో ఇటో జరుగుతుంది. కొన్నిచోట్ల మునిగిన నేల మీద మడ మొక్కలు మళ్లీ లేస్తున్నాయి. 2017 నియమాల ప్రకారం చిత్తడి నేలల డిజిటల్ జాబితాను పదేళ్లకోసారి సవరించాలి. దక్కన్ పీఠభూమి మీద చెరువుకు పదేళ్లు చాలు. ఫలకాల అంచున ఉన్న దీవికి అది చాలా ఎక్కువ. కొలిచే పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. క్రీకులో, పల్లంలో రెండు చోట్ల అంకెలు గీసిన కర్రలు పాతి, పెద్ద పోటు రోజుల్లో స్కూలు పిల్లలతో చదివించినా రోడ్డు కింది తూము సరిపోతోందో లేదో రెండు నెలల్లో తెలిసిపోతుంది.

ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. అండమాన్ టీల్‌ను లెక్కించేవారు నీళ్లతో పాటు మోడు చెట్లనూ చూస్తారు. ఈ బాతు చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. సునామీ చంపిన చెట్లు ఇరవై ఏళ్లుగా ఉప్పునీళ్లలో నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటే కూలుతున్నాయి. కొన్ని వంటచెరకుగా పోతున్నాయి. గట్టు మీద బతికున్న పాత చెట్లలో తొర్రలున్నవి ఎన్ని, అవి ఎవరి హద్దులో ఉన్నాయి అన్న లెక్క ఊరి రిజిస్టరులో రాయదగ్గ మొదటి పేజీ.